వేట నిషేధంలో నేర్చిన లారీ

లారీ క్యాబిన్‌లోకి మొదటిసారి ఎక్కబోతూ చెప్పులు కింద విడిచేశాను. మాది విశాఖ ఒడ్డున చేపల వేట మీద బతికే కుటుంబం. మాలో ఎవరూ చెప్పులతో పడవ ఎక్కరు. ఎక్కే ముందు వంగి నీళ్లు ముట్టుకుని కళ్లకద్దుకుంటారు. ఆటోనగర్ వెనకున్న ఆ మైదానంలో నీళ్లెక్కడివి? బొగ్గుపొడి కలిసిన ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. అందుకని ఇనప మెట్టును ముట్టుకుని కళ్లకద్దుకున్నాను. పక్కన నిలబడి చూస్తున్న గురువుగారు నవ్వుతారేమోనని ముందే మొహం గంటు పెట్టుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరైనా నవ్వాక వచ్చే కోపం కాదు నాది, నవ్వబోతున్నారనిపిస్తే చాలు వచ్చేస్తుంది. ఆయన నవ్వలేదు. ఆయనది పద్మనాభం దగ్గర పల్లె, వరి పండించే ఇల్లు. ఏళ్ల తరబడి లారీలు తోలి, ఇప్పుడు రోజూ ఊళ్లోంచి బస్సులో వచ్చి డ్రైవింగ్ స్కూల్లో హెవీ బండి నేర్పుతున్నారు. నాగలి పట్టే ముందు తామూ ఇలాగే నేలను ముట్టుకుంటామని చెప్పి, ఇంక ఎక్కమన్నారు.

పైకెక్కి కూర్చున్నాను. బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేను లోకాన్ని కిందినుంచే చూశాను. ఫైబర్ పడవలో కూర్చుంటే మన కళ్లకీ నీళ్లకీ మధ్య మూరెడు ఎత్తు ఉంటే గొప్ప. పోర్టుకు వచ్చే ఓడ పక్కన పడ్డామంటే, తల పూర్తిగా వెనక్కి వాల్చినా దాని అంచు కనబడదు. అలాంటిది, ఆ సీట్లో కూర్చోగానే మైదానం ప్రహరీ గోడ ఎక్కడో నా కాళ్ల కిందికి పోయింది. గోడకవతల రోడ్డు, రోడ్డు మీద కార్ల పైకప్పులు, వాటి మీద ఎండిన కాకిరెట్టలు, ఇంకా దూరాన యారాడ కొండ. ఇంత ఎత్తున కూర్చుని మనిషి అనేవాడు బుద్ధిగా ఎలా ఉండగలడా అని ఆశ్చర్యపోయాను. రోడ్డు మీద లారీ డ్రైవర్లను అంతకుముందు నేను తిట్టిన తిట్లలో సగం వెనక్కి తీసుకున్నాను. మిగతా సగం వాళ్లకు చెందవలసినవే.

ఈ పిచ్చి నాకెలా పట్టిందో చెప్పాలి. వేట సరిగా లేని రోజుల్లో చేపల పెట్టెలు వేసుకుని తగరపువలస సంతకు చిన్న వ్యాన్ తోలేవాణ్ణి. ఒకరోజు ఐసు కోసం వెళ్తూ కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఆగిపోయాను. ఉక్కు కాయిల్ వేసుకుని పోర్టుకు పోతున్న ట్రైలర్ ఒకటి మలుపు తిరుగుతోంది. కాయిల్ అంటే ఉక్కు రేకును చాపలా చుట్టి పెట్టిన చుట్ట. మా ఇంట్లో గదంత ఉంది. దాన్ని గొలుసులతో బండికి బిగించి కట్టారు. ముందు భాగం ఒక దిక్కుకు, వెనక భాగం ఇంకో దిక్కుకు చూస్తూ, ఒక్క చక్రమైనా గట్టు ఎక్కకుండా, అంత బరువూ నిదానంగా తిరిగింది. బస్సులూ ఆటోలూ ఎక్కడివక్కడ ఆగాయి. మా ఊళ్లో హారన్ కొట్టకుండా జనం ఆగడం అప్పుడే చూశాను. లోపల ఒక సన్నటి మనిషి, బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజు వ్యాన్లో ఐసు సంగతి మరిచిపోయి ఇంటికి వెళ్లిపోయాను. చేపలు పాడైనందుకు అన్నయ్య చేత తిన్న చీవాట్లు ఇంకా గుర్తున్నాయి.

మా పడవలో నాన్న, అన్నయ్య, నేను. నాలుగోవాడైన చిన్నాన్న కొడుకు గుజరాత్ బోట్లలో పనికి వెళ్లిపోయాడు. తెల్లారగట్ల ఒడ్డు అలలు దాటించి పడవను లోపలికి తీసుకెళ్లేది ఎప్పుడూ నాన్నే. ఆయన వెనక ఇంజన్ పట్టుకుని నిలబడతాడు, అన్నయ్యా నేనూ ముందు తెడ్లు పట్టుకుని అలకేసి చూస్తూ కూర్చుంటాం. వేట అయ్యాక ఒడ్డుకు తెచ్చే పని మాత్రం నాది. ఇప్పుడు నేనూ పోతే ఆ పడవలో ఇద్దరే మిగులుతారు. ఒకరు ఇంజన్ పట్టుకోవాలి, ఒకరు వల వెయ్యాలి, మూడో చెయ్యి ఉండదు. ఇది నాకు తెలుసు. నాన్నకు ఇంకా బాగా తెలుసు. అయినా లారీ నేర్చుకుంటానని నేను నోరు తెరిచి అడిగిన రోజున ఆయన కసురుకోలేదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో రెండు నెలలు ప్రభుత్వం వేట ఆపేస్తుంది కదా, ఆ రెండు నెలలూ పడవలు ఇసక మీదే ఉంటాయి. ఆయన దాన్నే గడువుగా పెట్టాడు.

"ఏట మొదలెట్టిన్నాటికి లైసెన్సొత్తే ఎల్లు. రాకపోతే పడవెక్కు. మల్లీ ఆ ఊసెత్తకు," అన్నాడు.

నాన్న ఒకసారి అన్న మాట మళ్లీ అనడు, మార్చడు. కాబట్టి నా ముందున్నది ఒకే ఒక్క పరీక్ష. తప్పితే మళ్లీ చూద్దాంలే అనుకునే వీలు లేదు.

చిన్న బండి లైసెన్స్ ఎలాగూ ఉంది కాబట్టి హెవీ ఎల్లెల్లార్‌కు, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్స్‌కు, కంప్యూటర్ ముందు కూర్చుని గుర్తుల పరీక్ష రాశాను. అది తేలిగ్గానే గడిచింది. నిజానికి ఆ బొమ్మలు నాకు భలే నచ్చాయి. ముందు మలుపుంది, ముందు బడి ఉంది, ముందు రోడ్డు సన్నబడుతుంది అని ఎవరో ముందే వచ్చి చూసి, మనకోసం రాసిపెట్టి వెళ్లారు. సముద్రంలో నీళ్ల రంగు చూసి మనమే తెలుసుకోవాలి, తెలుసుకోకపోతే మన ఖర్మ.

ఇంక బండి. గురువుగారు మొదటి వారం నా చేత ఇంజన్ స్టార్ట్ చేయించడం, ఆపడం తప్ప ఏమీ చేయించలేదు. ముందు బండి చుట్టూ తిరగమన్నారు. ఒక్కో టైరును ఇనప రాడ్డుతో కొట్టి శబ్దం వినమన్నారు. గాలి నిండుగా ఉన్న టైరు టంగుమని రాడ్డును వెనక్కి తోసేస్తుంది. తగ్గిన టైరు పలకదు. నాకు ఒళ్లు మండింది. డబ్బులు కట్టింది టైర్లు కొట్టడానికా అని లోపల్లోపల సణుక్కున్నాను. బయటికి అనే ధైర్యం లేదు, ఆయన చెయ్యి ఒకసారి నా భుజం మీద పడితే తెలిసింది ఎంత బరువో.

ఆ వారంలోనే ఒకరోజు బ్రేకుల గాలి సంగతి చెప్పారు. ఇంజన్ స్టార్ట్ చేసి, డ్యాష్‌బోర్డు మీద గాలి ఎంతుందో చూపే ముల్లును చూడమన్నారు. ముల్లు కింద పడి ఉంది. ఏదో పురుగు అరుస్తున్నట్టు బజర్ మోగుతోంది. బండి కదలదు. నేను తొందరపడి గేరు వెయ్యబోతే చేతి మీద ఒక్కటిచ్చారు. అలా కూర్చున్నాం. ముల్లు మెల్లగా లేచింది. కొంతసేపటికి బజర్ ఆగిపోయింది. అప్పుడు హ్యాండ్ బ్రేక్ వదలమన్నారు. బండి కింద ఎక్కడో ఉస్సుమని పెద్ద నిట్టూర్పు వినిపించింది.

నేను అప్పటిదాకా అనుకున్నదేమిటంటే, బండి అన్నాక పరిగెత్తుతుంది, మనం కాలితో తొక్కి ఆపుతాం. గురువుగారు అది తప్పన్నారు. వెనక చక్రాల దగ్గర బలమైన స్ప్రింగులు ఎప్పుడూ బిగించి పట్టుకునే ఉంటాయట. గాలి వచ్చి వాటిని నొక్కి పట్టుకుంటేనే చక్రం తిరుగుతుంది. గాలి పోయిందా, ఎవరూ తొక్కకపోయినా స్ప్రింగు చక్రాన్ని పట్టేసుకుంటుంది.

"దీనికి ఆగడమే సొబావం. గాలొచ్చి ఒదల్మంటేనే ఒదుల్తాది," అన్నారు.

ఆ మాట విని నేను నిజంగా నివ్వెరపోయాను. మా పడవకు ఆగడం అనేదే లేదు. ఇంజన్ ఆపినా నీళ్లు తీసుకుపోతాయి, లంగరు వేసినా ఊగుతూనే ఉంటుంది. నా జన్మలో కదలని దాని మీద పని చెయ్యలేదు. ఇంత ఇనుము, ఇంత బరువు, లోపల మాత్రం ఆగిపోదామనే చూస్తుందంటే నాకు దాని మీద ఒక్కసారిగా గౌరవం వచ్చేసింది. మర్నాటి నుంచి టైర్లు కొట్టమంటే సణగకుండా కొట్టాను.

తోలడం మొదలుపెట్టాక నా అసలు రంగు బయటపడింది. పడవకు చుక్కాని తిప్పితే అది వెంటనే తిరగదు. కాస్త ఆలోచించుకుని తిరుగుతుంది. అందుకని మేం మలుపు రాకముందే తిప్పేస్తాం. చిన్న వ్యాన్‌కు అది చెల్లిపోయింది, లారీని కూడా అలాగే ముందే తిప్పేశాను. ముందు చక్రాలు బాగానే పోయాయి గానీ, వెనక చక్రాలు అడ్డదారిన వచ్చి, గుర్తుకు పెట్టిన పాత టైర్లన్నిటినీ తొక్కుకుంటూ వచ్చాయి. మూడు రోజులు అదే వరస. తల మొత్తం మలుపులోకి వెళ్లనివ్వు, తోక కోసం ఆగు, ఎడ్లబండి సందులోకి తిప్పేవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు అన్నారు గురువుగారు. మాకు సందులూ లేవు, ఎడ్లూ లేవన్నాను ఉక్రోషంగా. అయితే రివర్స్ దగ్గర ఆయన నోరు మూయించాను. వెనక్కి తీసేటప్పుడు తోక ఎటు పోతుందో చూస్తూ మెల్లగా సరిచేసుకోవడం నాకు పడవ దగ్గర ఎప్పుడో అబ్బిన విద్యే. అద్దంలో చూస్తూ రెండు గుంజల మధ్యకు బండిని ఒక్కసారిలో పెట్టేశాను. ఆయన దిగి వెనక్కి వెళ్లి చూసొచ్చి, టీ తాగుదామన్నారు. ఆ రోజు టీ నాకు అమృతంలా ఉంది.

బూట్లతో ఇంకో తిప్పలు. పరీక్షకు బూట్లు ఉండాల్సిందేనని, ఒట్టి కాళ్లతో కూర్చుంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దింపేస్తాడని చెప్పారు. లైసెన్స్ పరీక్ష పెట్టే అధికారిని మా వైపు అందరూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు. పూర్ణా మార్కెట్లో కాన్వాసు బూట్లు కొన్నాను. ఇసక తప్ప తెలియని కాళ్లు వాటిలో ఉడికిపోయాయి. క్లచ్ ఎక్కడుందో కాలికి తెలియడం మానేసింది. ఇంట్లో కూడా అవే తొడుక్కుని తిరుగుతుంటే, పెళ్లి నాడైనా ఇంత సోకు చెయ్యలేదని మా ఆవిడ ఏడిపించింది.

పరీక్ష దగ్గరపడింది. ఏటవాలు మీద బండిని ఆపడం, వెనక్కి జారకుండా మళ్లీ కదపడం నేర్పడానికి గురువుగారు నన్ను పెందుర్తి అవతలికి తీసుకెళ్లారు. అక్కడ కొండ వారన కొత్తగా వేసిన లేఅవుట్ ఉంది. రోడ్లు వేశారు, కరెంటు స్తంభాలు పాతారు, ఇళ్లు మాత్రం ఒక్కటీ లేవు. పైకి వెళ్లేటప్పుడు బాగానే ఆపాను, బాగానే కదిపాను. పైన బండి తిప్పుకుని కిందికి దిగుతున్నాం. దిగువన మా రోడ్డు పెద్ద రోడ్డులో కలుస్తుంది.

మా పడవను ఒడ్డుకు తెచ్చే పద్ధతి ఒకటుంది. అలల వెనక కాసేపు కాచుకుని, మంచి అల ఒకటి ఎంచుకుని, దాని వీపు మీద ఎక్కిస్తాం. ఒడ్డు దగ్గరపడగానే ఇంజన్ ఆపేసి పైకి ఎత్తేస్తాం, లేకపోతే నీళ్లలో తిరిగే ఇంజన్ ఫ్యాన్ ఇసకలో గుచ్చుకుని విరిగిపోతుంది. మిగతా దారి అలే తీసుకొస్తుంది. ఆ పని నేను ఎన్ని వందల సార్లు చేశానో. ఆ రోజు లారీ వాలులో తనంతట తాను జారుతోంది. కింద రోడ్డు దగ్గరవుతోంది. నా బుర్ర అడగలేదు, నేను అనుకోలేదు. నా కుడిచెయ్యి వెళ్లి తాళం తిప్పి ఇంజన్ ఆపేసింది.

ఆ నిశ్శబ్దం నాకు క్షణంపాటు హాయిగా కూడా అనిపించింది. తర్వాత స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. కంగారుగా బ్రేకు తొక్కాను, వదిలాను, మళ్లీ తొక్కాను. ఇంజన్ లేదు కాబట్టి కొత్త గాలి రాదు, తొక్కిన ప్రతిసారీ ఉన్న గాలి పోతోంది. ముల్లు పడిపోతోంది. బజర్ మొదలైంది. కింద, ప్లాస్టిక్ బిందెలూ బకెట్లూ గుట్టగా కట్టుకున్న మోపెడ్ ఒకటి మా రోడ్డులోకి తిరిగింది. బిందెల వెనక దాని మీది మనిషి మొహం కనబడడం లేదు. గురువుగారు ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, వదలకుండా తొక్కిపట్టి ఉంచమని మాత్రం అన్నారు. తొక్కి ఉంచాను. కింద ఏదో గట్టిగా పట్టేసుకున్నట్టయింది. బండి మొత్తం ఒకసారి ముందుకు వంగి, ఆగిపోయింది. మోపెడ్ మమ్మల్ని దాటుకుని పైకి వెళ్లిపోయింది. ఆ మనిషి మా వైపు కనీసం చూడలేదు.

నేను బ్రేకు మీద కాలు తియ్యకుండా అలాగే కూర్చున్నాను. నేను చెయ్యాల్సింది చెయ్యకపోయినా ఆ బండి చేసింది. దాన్ని పట్టుకుని ఏడవాలనిపించింది, సిగ్గుపడి ఊరుకున్నాను. గురువుగారు దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, సీసాలో నీళ్లు తాగి వచ్చారు. ఎందుకు ఆపావని అడిగారు. పడవ ఒడ్డుకు తెచ్చే సంగతి చెప్పాను. ఆయన మోపెడ్ పోయిన దారికేసి చూశారు. తిడితే బాగుండునని అనిపించింది.

"నీటి మీద తప్పు సేత్తే నీ పానం పోద్ది. ఇక్కడ సేత్తే ముక్కూ మొకం తెల్నోడి పానం పోద్ది. ఆ సెయ్యి మాట ఇన్నదాకా నిన్ను పరీచ్చకి తీసుకెల్లను," అన్నారు చివరికి.

వేట మొదలుకావడానికి ఇంక పది రోజులు కూడా లేవు. ఆయన బండి తీసుకురాకపోతే పరీక్షకు నేను ఏ బండి మీద వెళ్తాను? ఇంటికి వెళ్లి ఎవరికీ చెప్పలేదు. ఒడ్డు మీద నాన్నా అన్నయ్యా పడవకు రంగు వేస్తుంటే, నేనూ ఒక బ్రష్షు పట్టుకుని వేశాను. అన్నయ్య నా మొహం చూసి ఏమైందని అడిగితే ఊరికే కసిరాను.

మర్నాడు మైదానానికి వెళ్తే గురువుగారు ఒక ఉపాయం చెప్పారు. ఎడ్లు తోలేవాడు ఊరికే కూర్చోడు, వాటితో మాట్లాడుతూనే ఉంటాడు. నువ్వు కూడా మాట్లాడు, బండితో కాదు, నీ చేత్తో అన్నారు. చెయ్యబోయే ప్రతి పనీ ముందు నోటితో పైకి చెప్పాలి, చెప్పాకే చెయ్యి కదపాలి. నోరు చెప్పనిది చెయ్యి చెయ్యకూడదు. నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. కానీ గత్యంతరం లేదు. క్లచ్ తొక్కుతున్నాను, రెండో గేరు, అద్దం చూస్తున్నాను, బ్రేకు, ఇంజన్ ఉండనీ, ఇంజన్ ఉండనీ. రోజంతా ఇదే పారాయణం. మైదానంలో మిగతా నేర్చుకునేవాళ్లు నాకు గాలి సోకిందనుకున్నారు. ఇంటికొచ్చినా నోరు ఆగలేదు. అన్నం ముందు కూర్చుని, చెయ్యి కంచంలో పెడుతున్నానని అంటే, సరే పెట్టు, పులుసు నేను పోస్తున్నానని మా ఆవిడ కూడా అదే రాగంలో అంది. పెందుర్తి వాలు మీద అలా చెప్పుకుంటూ ఎన్నిసార్లు ఎక్కానో, ఎన్నిసార్లు దిగానో. ప్రతిసారీ ఒకచోటికి రాగానే కుడిచెయ్యి చిన్నగా కదిలేది. మాట వినగానే ఆగేది. నా చెయ్యే నాకు కొత్తగా, ఎవరి చెయ్యో అన్నట్టు కనబడేది. ఒడ్డు అలవాటు దాని లోపల అంత లోతుగా ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

నాన్న పెట్టిన గడువు ఇంక రెండు రోజులుందనగా, తెల్లారి బూట్లు తొడుక్కుని రమ్మన్నారు గురువుగారు.

టెస్ట్ ట్రాక్ దగ్గర ఎండ మాడ్చేస్తోంది. నా ముందు ముగ్గురు. ఒకాయన ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ గట్టు ఎక్కించేసి, దిగి వెళ్లిపోయాడు. నా వంతు వచ్చింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వయసులో నా కంటే చిన్నవాడే, నలగని చొక్కా, చేతిలో ట్యాబ్. నా పక్కన ఎక్కి కూర్చున్నాడు. టైర్లు చూసుకున్నారా అని అడిగాడు. కొట్టి విన్నానని చెప్పాను. స్టార్ట్ చేసి, ముల్లు లేచేదాకా ఆగాను. ఎనిమిది వేశాను. తల పూర్తిగా పోనిచ్చి, తోక కోసం ఆగాను. రివర్సులో గుంజల మధ్య పెట్టాను. అన్నీ పైకి చెప్పుకుంటూనే చేశానట, నాకు తెలియనే తెలియదు.

చివర ఏటవాలు. ఎక్కుతూ మధ్యలో ఆపమన్నాడు. ఆపాను. బయట ఎవరో అడుగున నిలబడి, వెనక్కి ఎంత జారుతుందో చూస్తున్నారు. కదిపాను, జారలేదు. పైకి ఎక్కింది. ఇప్పుడు దిగాలి. బండి ముక్కు కిందికి వంగింది, బరువు ముందుకు వచ్చింది, దిగువన ట్రాక్ చివర కనబడుతోంది. అచ్చం అల వీపు మీద ఒడ్డుకు వస్తున్నట్టే. కుడిచెయ్యి స్టీరింగ్ వదిలింది. నాన్న ముఖం, ఇసక మీద రంగు ఆరుతున్న పడవ, అన్నీ ఒక్కసారి కళ్లముందుకు వచ్చాయి.

"ఇంజన్ ఉండనీ," అన్నాను గట్టిగా.

చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగి, తిరిగి స్టీరింగ్ మీదికి వచ్చింది. రెండో గేరులో, కాలితో కొంచెం కొంచెం పట్టుకుంటూ, గీత దగ్గర ఆపాను. హ్యాండ్ బ్రేక్ వేశాను. ఇన్‌స్పెక్టర్ నావైపు వింతగా చూసి, ఎవరితో మాట్లాడుతున్నారని అడిగాడు. నా చేత్తో సార్ అన్నాను. ఇంకేం చెప్పను? మాట వింటుందా అని అడిగాడు. ఈ మధ్యే వింటోందన్నాను. ట్యాబ్ మీద ఏదో నొక్కి, పాసయ్యారు, జాగ్రత్తగా తోలండి అని దిగిపోయాడు. దూరంగా చెట్టు నీడలో గురువుగారు తలపాగా తీసి మొహం తుడుచుకుంటున్నారు. నేను వెళ్లి ఆయన కాళ్లు ముట్టుకుంటే, బూట్లు బాగున్నాయన్నారు.

సాయంత్రం ఒడ్డుకు వెళ్లాను. నాన్న వల నీళ్లలో తేలేలా దానికి కొత్త బెండ్లు కడుతున్నాడు. పాసయ్యానని చెప్పాను. ఆయన వేళ్లు ఆగలేదు. ఒక ముడి వేసి, దాన్ని లాగి చూసి, ఇంకో ముడి వేశాడు. నేను నిలబడే ఉన్నాను. సంతోషంగా చెప్పుకుందామని వచ్చినవాణ్ణి, ఏదో దొంగతనం చేసినవాడిలా ఉన్నాను.

"ఏట మొదలెట్టిన్నాడు పడవ తొయ్యడానికి వత్తావా?" అని అడిగాడు తల ఎత్తకుండానే.

వస్తానన్నాను.

ఆ తెల్లారగట్ల ఒడ్డంతా జనం. కొబ్బరికాయలు, పసుపు, అగరొత్తుల వాసన. పడవలు ఒక్కొక్కటే నీళ్లలోకి జారుతున్నాయి. మాది తోయడానికి పక్క పడవలవాళ్లు కూడా వచ్చారు. భుజం ఆనించి తోశాం. నీళ్లు మోకాళ్లు దాటాయి, నడుం దాటాయి. అలవాటుగా నా చెయ్యి పడవ అంచు పట్టుకుంది, కాలు పైకి లేచింది. ముందు కూర్చున్న అన్నయ్య నన్ను చూశాడు. కాలు దించేశాను. పడవ నన్ను దాటుకుని వెళ్లింది. నా తెడ్డు ఉండే చోటు ఖాళీగా ఉంది.

వెనక్కి నడిచి ఒడ్డున నిలబడ్డాను. నాన్న వెనక ఇంజన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొదటి అల లేచింది. పడవ ముక్కు ఆకాశానికి లేచి, దాని కడుపు మొత్తం నాకు కనబడింది. ఎంత చిన్న పడవ అది. నాన్న కంగారుపడలేదు. కాస్త వంగి, ఒక్క లిప్త ఇంజన్ తగ్గించి, అల విరగబోయే ముందు మళ్లీ పెంచాడు. పడవ అల మీద నుంచి అవతలికి పడి మాయమైంది. మళ్లీ లేచింది. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు, రెండో అల కోసం చూస్తూ.

నేను అన్నేళ్లు ఆ పడవలో వెళ్లాను గానీ, నాన్న అల దాటించడం ఎప్పుడూ చూడలేదు. నేను ముందు కూర్చునేవాణ్ణి, ఆయనకు వీపు పెట్టి. కాయిల్ లారీ తిప్పినవాణ్ణి చూసి రోడ్డు మధ్యలో నోరు తెరుచుకుని నిలబడ్డ నేను, నా వెనకే రోజూ జరిగినదాన్ని ఒక్కసారి తల తిప్పి చూడలేదు. బ్రేకు లేదు, స్ప్రింగు లేదు, గాలి లేదు. ఆ చెయ్యొకటే. నాకు ఏడుపొచ్చింది. ఈసారి సిగ్గుపడలేదు.

అమ్మ ఎప్పుడొచ్చిందో నా పక్కన నిలబడి ఉంది. పడవ మూడో అల కూడా దాటాక, కళ్లు మూసుకుని పెదవులు కదిపింది. తర్వాత తడిసిన నా చొక్కా కొస పట్టుకుని నీళ్లు పిండింది.

"ఇన్నాల్లూ ముగ్గురికీ గంగమ్మకే మొక్కీదాన్ని. రోడ్డు మీదోడికి ఎవులికి మొక్కాలో నాకు తెల్దు. కనుక్కుని సెప్పు," అంది.

కనుక్కుంటానన్నాను. పడవ చుక్క అయ్యేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.